స్కాలర్‌షిప్ వస్తానే ఇస్తా

మా హాస్టల్ ఎదురుగా ఉగ్గాని, బజ్జీలు అమ్మే అవ్వ పోయిందని మొన్న రాత్రి మా బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పెట్టినోడు బెంగళూరులో ఉంటాడు. వాడికి ఊర్నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్పినారంట. అర్ధరాత్రి దాకా ఎవడూ పడుకోలేదు. సంతాపం మాటలు రెండు మూడు వచ్చినాయో లేదో, ఆ తర్వాత అంతా లెక్కలే. నా బజ్జీలు నీ పేరు మీద రాయించినావని ఒకడు, నీ బాకీ నేను కట్టినా, ఇంతవరకు నువ్వియ్యలేదని ఇంకొకడు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనోడొకడు, "ఫైనలియర్ ఆఖరి స్కాలర్‌షిప్ వచ్చేలోపల నేను ఊరికి వచ్చేసినా, అవ్వ లెక్క ఏమైందో" అని రాసినాడు. కింద వెంటనే జవాబు పడింది: "అవ్వ నన్నడిగింది. నేను కట్టినా. వడ్డీతో ఫోన్‌పే చెయ్యి."

మేమంతా స్కాలర్‌షిప్ మీద చదివినోళ్లం. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ. 1916లో పెట్టిన కాలేజీ, నీలం సంజీవరెడ్డి చదివిన కాలేజీ. సర్కారు కాలేజీ కాబట్టి ఫీజు పెద్ద బరువుగా ఉండేది కాదు. బరువంతా తిండిది, రూముది, పుస్తకాలది. బీసీ పిల్లలకు బీసీ సంక్షేమ శాఖ, ఎస్సీలకు సాంఘిక సంక్షేమ శాఖ, ఎస్టీలకు గిరిజన సంక్షేమ శాఖ స్కాలర్‌షిప్ ఇచ్చేవి. శాఖలు వేరైనా నోటీసు బోర్డు ఒక్కటే. దాని ముందర నిలబడే మొహాలూ అవే.

సంవత్సరాదాయం

స్కాలర్‌షిప్ కథ కాలేజీలో మొదలు కాదు, మండలాఫీసులో మొదలవుతుంది. రామారావు 1984లో కరణాలను తీసేసి, 1985లో మండలాలు తెచ్చినాడు. అంతకుముందయితే ఏ కాగితానికైనా కళ్యాణదుర్గం తాలూకాఫీసుకు పోవాల్సిందే. మండలాలొచ్చినాక దూరం తగ్గింది. తిరుగుడు మాత్రం తగ్గలేదు.

మా నాయన పంచె మీద తెల్ల చొక్కా వేసుకుని, పెండ్లికి పోతున్నట్టు తయారై నా వెంట వచ్చేవాడు. ఆర్‌ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఒక పొడుగాటి రిజిస్టరు ముందర పెట్టుకుని, తలెత్తకుండా అడిగినాడు.

"సంవత్సరాదాయమెంతప్పా?"

"ఆదాయమా సామీ? వానొస్తే చెనిక్కాయ, రాకుంటే అప్పు. ఏది రాసుకుంటావో నువ్వే రాసుకో."

ఆయన నవ్వి ఒక గుండు అంకె రాసినాడు. బయటికొచ్చి చూసుకుంటే, మా ఊర్నుంచి వచ్చిన పిల్లోళ్లందరి నాయనల ఆదాయమూ అదే. రెండెకరాలోడికీ అదే, పదెకరాలోడికీ అదే. బోరు ఉన్నోడిదీ అదే, ఎండిపోయినోడిదీ అదే.

నవ్వులాటగా చెప్తున్నా గానీ, దీంట్లో ఒకడికి అన్యాయం జరిగింది. మా క్లాసులో ఒకడి నాయన ఆర్టీసీ డ్రైవరు. ఐదుగురు పిల్లలు. మాకంటే ఏ రకంగానూ ఉన్నోళ్లు కాదు. అయితే ఆయనకు నెలనెలా జీతం చీటీ ఉండేది. చీటీలో అంకె పరిమితి దాటింది, వాడికి స్కాలర్‌షిప్ రాలేదు. మెట్ట సేద్యగాడి ఆదాయం దేవుడికి కూడా తెలీదు కాబట్టి ఆర్‌ఐ రాసిందే ఆదాయం. జీతగాడు మాత్రం పైసాతో సహా దొరికిపోతాడు. ఈ పథకాల పేర్లు ఎన్నిసార్లు మారినా ఈ ఒక్క సంగతి మారలేదు.

ఆ తర్వాత అటెస్టేషన్. మార్కుల లిస్టు, కుల సర్టిఫికెట్టు, టీసీ, అన్నింటి నకళ్ల మీదా గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావల్ల. మా మండలంలో మాకు సులువుగా దొరికే గెజిటెడ్ ఆఫీసరు పశువుల డాక్టరు. పొద్దున్నే పోతే ఆస్పత్రి ముందర చెక్క బోనులో ఒక ఎనుము నిలబడి ఉంది. ఆయన ఒక చేతికి రబ్బరు తొడుగు వేసుకుని పనిలో ఉన్నాడు. రెండో చెయ్యి ఖాళీగా ఉంది గానీ అది ఎడమ చెయ్యి. "ఉండు నాయనా, దీని పని అయిపోనీ" అన్నాడు. సబ్బుతో మోచేతి దాకా కడుక్కుని, ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, ఒరిజినల్ ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, నకలు మీద నింపాదిగా సంతకం పెట్టినాడు. రబ్బరు స్టాంపు మీద నోటితో ఆవిరి ఊది గట్టిగా ఒత్తినాడు. స్టాంపు ప్యాడు ఎండిపోయింది పాపం, కొత్తది ఇండెంట్ పెట్టినా రాలేదంట. పైసా అడగలేదు. "ఏం చదువుతావు?" అని అడిగి, బీకాం అంటే, "మంచిది, లెక్కలు రాసేవాళ్లు కావల్ల మనకు" అన్నాడు.

అవ్వ పుస్తకం

జులైలో అప్లికేషన్ పెడితే డబ్బు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. సంక్రాంతికి వస్తే అదృష్టం. పరీక్షల ముందర వస్తే మామూలు. పరీక్షలయిపోయి ఊర్లల్లో ఉన్నప్పుడు కార్డు ముక్క రాసి పిలిపించిన సందర్భాలూ ఉన్నాయి. కాలేజీ వెరిఫికేషన్, జిల్లా ఆఫీసు, శాంక్షన్, బడ్జెట్, ట్రెజరీ. వీటిల్లో ఏదో ఒకచోట మా కాగితం కూర్చోనుంటుంది. ఎక్కువగా కూర్చునేది ట్రెజరీలో. ట్రెజరీలో బిల్లులు ఆపేసేదాన్ని 'ఫ్రీజింగ్' అంటారు. ఆ ఇంగ్లీషు మాటను నేను సైన్సు క్లాసులో నేర్చుకోలేదు, స్కాలర్‌షిప్ సెక్షన్ కిటికీ దగ్గర నేర్చుకున్నా.

మరి అన్ని నెలలూ ఎట్ల బతికినాం అంటే, అప్పు మీద. పాతూర్లోని కిరాణా షావుకారు వార్డెన్ చీటీ చూసి హాస్టల్ మెస్సుకు బియ్యం, బేడలు అప్పు ఇచ్చేవాడు. మెస్సు డివైడింగ్ సిస్టమ్. నెల ఖర్చంతా తిన్నోళ్ల మీద పంచి, ఒక్కొక్కడి లెక్కలో వేసేవాళ్లు. పాత పుస్తకాలాయన సగం పైకం తీసుకుని పుస్తకమిచ్చేవాడు. మా జేబులో ఉండింది డబ్బు కాదు, "స్కాలర్‌షిప్ వస్తానే ఇస్తా" అనే ఒక్క మాట. ఆ మాట సప్తగిరి సర్కిల్ నుంచి టవర్‌క్లాక్ దాకా ఎక్కడైనా చెల్లేది. సర్కారు మీద మాకు లేని నమ్మకం షావుకార్లకు ఉండేది. ఎందుకంటే ఆలస్యమైనా వచ్చి తీరుతుందని వాళ్లు ఏళ్లుగా చూసినారు.

అవ్వ అందరికంటే ముందు నమ్మింది. ఆమెది అంగడి అనడానికి లేదు. మునగచెట్టు కింద రేకుల చాపు, రెండు పొయ్యిలు, ఒక బెంచీ. బొరుగులు నీళ్లలో వేసి, నానీనానకముందే రెండు చేతుల మధ్య పిండి, పెద్ద బాణలిలో తిరగవాత మీద వేసేది. ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, పసుపు, పైన పుట్నాల పొడి. ఆ పొడి పడిన నిమిషానికి లేచే వాసన మా మొదటి క్లాసును చాలాసార్లు మింగింది. పక్కనే మిరపకాయ బజ్జీ.

అవ్వకు చదువు రాదు. అందుకని లెక్క మాతోనే రాయించేది. నూరు పేజీల రూళ్ల నోటు పుస్తకం, ఒక్కొక్కడికి ఒక్కో పేజీ. ఎవడి పేజీలో వాడే రాసుకోవల్ల. వారానికొకసారి బళ్లో చదివే మనవరాలిని కూర్చోబెట్టి పైకి చదివించుకునేది. ఆ పిల్ల సాగదీసి చదువుతుంటే అవ్వ పిండి కలుపుతూనే వినేది. చదువు రాకపోయినా ఎవడు ఏ పొద్దు ఎన్ని తిన్నాడో అంతా ఆమె తలలో ఉండేది.

"ఒరే అద్దాలోడా, శుక్రవారం నాలుగు బజ్జీలు తిన్నావు గదా, పుస్తకంలో రెండే ఉండాయి?"

"రెండే అవ్వా."

"రెండు నీకు, రెండు నీ పక్కనున్నోడికి. వాడు రాయలేదు, నువ్వూ రాయలేదు. ఇద్దరూ కలిసి నన్ను మోసం చేసినారు."

ఎవరినీ తిట్టేది కాదు. పేజీ మార్చి మళ్లీ రాయించేది, అంతే. అంగడికి వచ్చినోడి పేరు కూడా అడిగేది కాదు. అద్దాలోడు, పొడుగోడు, బుక్కపట్నమోడు, పెన్నహోబిలమోడు. నా పేజీ మీద 'కళ్యాణదుర్గం చిన్నోడు' అని ఉండేది. అది కూడా నా చేత్తోనే రాయించింది.

గోడ మీద ఫొటో

నా రూమ్మేటు ఎస్సీ పిల్లోడు, కదిరి వైపు. నాకంటే వాడికి చదువు పిచ్చి ఎక్కువ. మా రూములో వాడి పరుపు పైన అంబేద్కర్ ఫొటో ఉండేది. స్కాలర్‌షిప్ ఆలస్యమై నేను గొణిగినప్పుడల్లా వాడు ఆ ఫొటో వైపు చెయ్యి చూపి ఒక కథ చెప్పేవాడు. ఇన్నేళ్లయినా అది నాకు ఒప్పజెప్పినట్టు గుర్తుంది.

బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు 11.5 పౌండ్ల చొప్పున స్కాలర్‌షిప్ ఇస్తేనే అంబేద్కర్ 1913లో కొలంబియా యూనివర్సిటీకి పోగలిగినాడు. అక్కణ్నుంచి లండన్‌కు వచ్చి చదువుతుంటే 1917లో ఆ స్కాలర్‌షిప్ గడువు తీరిపోయింది. చదువు నడిమధ్యలో వదిలి వెనక్కి రావాల్సి వచ్చింది. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టుకుని, కొంత సాయం, కొంత అప్పు తీసుకుని 1920లో మళ్లీ పోయి ముగించుకొచ్చినాడు. "అంతటోడికే ఆగిపోయింది, నీకు ఆగితే ఏమి?" అనేవాడు వీడు. ఎస్సీ పిల్లలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడు. నాలుగేళ్లకు ఎస్టీలకూ వచ్చింది. డబ్బు ఆగితే చదువు ఏమవుతుందో తన ఒంటి మీద అనుభవించిన మనిషి ఆ కౌన్సిల్‌లో కూర్చోవడం ఊరికే పోలేదని వాడి వాదన. నాకూ అట్లనే అనిపిస్తుంది.

వాడికి మాత్రం ఆకలి దాచుకోవడం బాగా వచ్చు. నెలాఖర్లో మెస్సు మూస్తే వాడు లైబ్రరీకి పోయేవాడు, నేను అవ్వ దగ్గరికి పోయేవాణ్ని. ఒకరోజు అవ్వే అడిగింది. "నీతో ఉండేవాడు యాడ? వాడి పేజీలో ఏమీ లేదే?" ఆ సాయంత్రం నన్ను పంపించి వాణ్ని పిలిపించుకుంది. వాడి పేజీ నిండటం అప్పుడు మొదలైంది.

"వచ్చింది!"

నోటీసు అతికించేది మధ్యాహ్నం పూట. అతికించిన అటెండరు వెనక్కి తిరిగేలోపల ఎవడో ఒకడు వరండాలో అరుస్తాడు. "వచ్చిందిరోయ్!" ఏం వచ్చిందో ఎవరూ అడగరు. క్లాసు ఖాళీ. లెక్చరరు కూడా నవ్వి హాజరు పుస్తకం మూసేసేవాడు.

స్కాలర్‌షిప్ క్లర్కు సార్ బల్ల మీద అక్విటెన్స్ రోలు (డబ్బు అందినట్టు సంతకాలు చేసే పట్టీ), నీళ్లల్లో నానబెట్టిన స్పాంజీ ముక్క, రెవెన్యూ స్టాంపుల షీటు. స్టాంపు మనమే చించుకుని, స్పాంజీకి అద్ది, పేరు ఎదురుగా అతికించి, సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేటట్టు సంతకం చెయ్యల్ల. చాలామందికి జీవితంలో అదే మొదటి రెవెన్యూ స్టాంపు సంతకం. ఒకడు భయంతో స్టాంపు లోపలే చిన్నగా ఇరికించి చేసినాడు. సార్ కళ్లద్దాలు పైకెత్తి, "ఇది నీ సంతకం, దాచిపెడతావెందుకు? బయటికి రానీ" అన్నాడు. నోట్లు లెక్కపెట్టేటప్పుడు కూడా ఆయన అదే స్పాంజీకి వేలు అద్దుకునేవాడు. అందుకే మా స్కాలర్‌షిప్ నోట్లు ఎప్పుడూ అంచుల్లో కొంచెం తడిగా ఉండేవి.

మెస్సు బాకీ అక్కడికక్కడే పట్టుకునేవాళ్లు. మిగిలింది చేతిలో పట్టుకుని వరుసగా అప్పులు తీర్చుకుంటూ నడుస్తుంటే, సాయంత్రానికి చెయ్యి ఖాళీ అయ్యేది. అయినా ఆ నడకంత దర్జా నాకు మొదటి జీతం రోజు కూడా రాలేదు. అవ్వ ఆ సాయంత్రం ఎవరి దగ్గరా లెక్క చూసేది కాదు. ఇచ్చింది పైట కొంగులో ముడేసుకుని, అందరి పేజీలనూ అడ్డంగా కొట్టేయించి, ఒక్కొక్క బజ్జీ ఊరికే ఇచ్చేది. మరుసటి పొద్దున కొత్త పేజీ మొదలు.

కౌంటరు ఇవతల

ఆ తర్వాత నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ ఆఫీసులో చేరి, స్కాలర్‌షిప్ కౌంటరు లోపలి వైపు చాలా ఏళ్లు కూర్చున్నా. కాలేజీ పేరెందుకులే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి కాలంలో పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినాక, చూస్తుండగానే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు ఏడు వందలు దాటినాయి. చెనిక్కాయ చేలల్లో కాలేజీ కమాన్లు లేచినాయి. వాటిని ఎంత తిట్టుకున్నా, మా ఊర్లల్లో కూలికి పోయే ఇండ్ల నుంచి ఆడపిల్లలు కాలేజీ బస్సెక్కింది ఆ డబ్బుతోనే. అది నేను కళ్లారా చూసినా.

కిరణ్‌కుమార్ రెడ్డి హయాంలో బీసీలకు, ఈబీసీలకు (ఆర్థికంగా వెనకబడినోళ్లకు) నిబంధన మారింది. ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు, దాటితే 35,000 వరకే. మాలాంటి కాలేజీకి పదివేల లోపు ర్యాంకోడు దారి తప్పి కూడా రాడు కాబట్టి, మా లెక్కంతా 35,000 చుట్టూనే. ఈ-పాస్ అనే స్కాలర్‌షిప్ వెబ్‌సైటు వచ్చింది, ఆన్‌లైన్ అప్లికేషన్ వచ్చింది, వేలిముద్ర వచ్చింది, 75 శాతం హాజరు వచ్చింది. అక్విటెన్స్ రోలు పోయింది, స్పాంజీ పోయింది. పిల్లోడు తన స్కాలర్‌షిప్ డబ్బును కంటితో చూడ్డం కూడా పోయింది. ట్యూషన్ ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకే.

నాకు బాగా బాధ కలిగించింది ఇదే. మా కాలంలో సర్కారు ఆలస్యం చేస్తే అప్పు మాకూ అవ్వకూ మధ్య ఉండేది. ఇప్పుడు అప్పు సర్కారుకూ కాలేజీకీ మధ్య ఉంటుంది, కుదవలో పడేది మాత్రం పిల్లోడి సర్టిఫికెట్టు. క్యాంపస్‌లో సెలెక్టయి, ఒరిజినల్స్ కోసం మా కౌంటరు దగ్గర నిలబడిన పిల్లోళ్లు ఎంతమందో. "బకాయిలు రాలేదు, కట్టి తీసుకుపో, వస్తే తిరిగిస్తాం" అనమని మాకు పైనుంచి ఆర్డరు. వాళ్ల అమ్మానాన్నలు మెడలోది తీసుకుపోయి తాకట్టు పెట్టి కట్టినారు. బకాయి వచ్చినాక తిరిగి అందుకోను మళ్లీ తిరుగుళ్లు. తెలంగాణ వైపు కాలేజీల్లో పనిచేసే స్నేహితులను అడిగినా, కొంచెం అటూఇటుగా ఇదే పాట.

2021లో విద్యా దీవెన అనే పేరుతో ఈ ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో పడటం మొదలైంది, కొన్నేళ్లు అట్లనే నడిచింది. అప్పటి షరతు, ఆదాయం రెండున్నర లక్షల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు. మా నాయన ఉంటే సంతోషపడేవాడు, పొలంతో కొలిచే లెక్క ఆయనకు అర్థమవుతుంది. ఒక తల్లి బ్యాంకు పుస్తకం కవరులో పెట్టుకుని వచ్చి, కౌంటరులోంచి నాకిచ్చి, "చూడు సార్, పడిందా? పడిందని వలంటీరు పిల్ల చెప్పింది" అనింది. పడింది. మొత్తం చదివి వినిపించినా. ఆమె ఆ అంకెను ఇంకోసారి చదవమనింది. చదివినా. "ఇదంతా మీకే కట్టాల్నా?" అనింది. కట్టాలమ్మా, వారంలోపల, అన్నా. "కడతాలే. ఈ రాత్రికి మాత్రం నా పుస్తకంలోనే ఉండనీ" అని నవ్వి పోయింది. మరుసటి రోజు పొద్దున్నే వచ్చి కట్టింది.

జీతం చీటీ

నా రూమ్మేటు గ్రూప్ పరీక్ష రాసి ట్రెజరీలో చేరినాడు. ఈ సంగతి చెప్తే గ్రూపులో అందరూ ఇప్పటికీ నవ్వుతారు. మేము ఏ కిటికీని తిట్టుకుంటూ చదివినామో, వాడు పోయి ఆ కిటికీ వెనకాలే కూర్చున్నాడు. పాతకాలం మార్చి 31 రాత్రుళ్ల గురించి వాడు చెప్తే వినాల్సిందే. పొద్దు కుంకినాక బడ్జెట్ విడుదలయ్యేదంట. అర్ధరాత్రిలోపల బిల్లు పాస్ కాకపోతే ల్యాప్స్, ఆ ఏటి డబ్బు పోయినట్టే. బస్తాల్లాంటి బిల్లు కట్టలు, టీ ఫ్లాస్కులు, సంతకాలతో వాచిపోయిన వేళ్లు. రోడ్డు కాంట్రాక్టర్లు వరండాలో నిలబడి చూస్తుంటే వీడు స్కాలర్‌షిప్ కట్ట పైకి లాగి ముందర పెట్టుకునేవాడు. "ఎవడబ్బ సొమ్మురా, నన్నడిగేదానికి" అంటాడు ఇప్పుడు కూడా గొంతు పెంచి. 2018లో సీఎఫ్ఎంఎస్ అనే సర్కారు బిల్లుల ఆన్‌లైన్ పద్ధతి వచ్చినాక బిల్లు వరస వాడి చేతిలో లేకుండా పోయింది. ఆ కోపం వాడికి ఇంకా తగ్గలేదు.

వాడి చిన్న కూతురు మొన్న ఇంజనీరింగులో చేరింది. ఫీజు కట్టను తనే పోయినాడు. కౌంటరులో ఉన్న చిన్నపిల్ల కంప్యూటరు వైపు చూస్తూ, "రీయింబర్స్‌మెంటే గదా సార్?" అని అడిగిందంట.

"కాదమ్మా. నాకు జీతం చీటీ ఉంది."

ఆ పిల్ల తలెత్తి చూసి, రసీదు కొడుతూ, "ఈ నెల్లో చేతికి డబ్బులొచ్చిన మొదటి ఫీజు మీదే సార్" అనిందంట.